రేవు గుమ్మం దగ్గర ఎక్కే బరువు

ఆ ఆదివారం ఉదయం గోడగట్టు మీద ఉన్నవి ఇవి. మనుషులు ముగ్గురు: నేను, సైకిల్ షాపు సత్తిబాబు, టైపు నేర్చుకుంటున్న ప్రకాశం. సైకిళ్ళు మూడు. గాలి పంపు ఒకటి. ప్యాచీలు, సొల్యూషను, రెండు స్పానర్లు పెట్టిన రేకు డబ్బా ఒకటి. మంచినీళ్ళ సీసాలు రెండు. అరటాకులో కట్టిన ఇడ్లీల పొట్లం ఒకటి. నా జేబులో నోటుబుక్కు, పెన్సిలు. ఇంతే.

ఇది ముందే రాయడానికి కారణం ఉంది. నేను చెప్పబోయే సంగతిలో ఒక బరువు ఎక్కువ వస్తుంది. అది ఈ జాబితాలో దేనిదీ కాదు.

నేను సివిల్ డిప్లొమా చదివినవాణ్ణి. మా నాన్నగారు లెక్కల మాస్టారు, చర్చిలో పెద్ద. చనిపోయినవాళ్ళు నిద్రలో ఉంటారని ఆయన నమ్మకం. చనిపోయినవాళ్ళు చనిపోయారని నా నమ్మకం. దయ్యాల కబుర్లు చెప్పేవాళ్ళంటే చిన్నప్పట్నుంచీ నాకు ఏవగింపు. ఇప్పుడు నేనే ఆ పని చేస్తున్నాను. ఇది రాస్తుంటే నా మీద నాకు కలుగుతున్నదీ అదే.

మాది కొత్తపేట నుంచి గౌతమి వైపు వెళ్తే వచ్చే ఊరు. పేరు రాయను. ఎప్పటిదో జమీందారుల కాలంలో ఊరి చుట్టూ ఇటుక గోడ కట్టారు. అప్పట్లో ఇది పట్నమట. ఇప్పుడు పట్నం పోయింది, గోడ మిగిలింది. తర్వాతివాళ్ళు లోపలి వైపు మట్టి పోసి దాన్నే ఏటిగట్టుగా వాడుకున్నారు. పైన ఆరడుగుల బాట. బస్సు ఎక్కదు, ఎడ్లబండీ ఎక్కదు. మనిషి నడవచ్చు, సైకిల్ తొక్కవచ్చు.

ఎనభై ఏడు మొదట్లో మేం ముగ్గురం భద్రాచలం దాకా సైకిల్ యాత్ర చేద్దామనుకున్నాం. దానికి అలవాటు కోసం ఆదివారం పొద్దున్నే గోడ మీద చుట్లు తిరిగేవాళ్ళం. ఎడమ పక్క పాయ, లంకలు. కుడి పక్క పెంకుటిళ్ళ కప్పులు, కళ్ళ ఎత్తులో కొబ్బరి మట్టలు. హారన్ లేదు, దుమ్ము లేదు. గొలుసు చప్పుడు ఒక్కటే. ముందు చక్రం ఊచకి గుడ్డపీలిక కట్టి తిప్పులు లెక్కపెట్టాను. ఒక చుట్టు పంతొమ్మిది వందల తిప్పులు. చక్రం చుట్టుకొలత రెండు పాయింటు రెండు మీటర్లు. గోడ పొడవు నాలుగు వేల నూట ఎనభై మీటర్లు.

ఆదివారమే ఎందుకంటే అప్పుడు మా పేటంతా చర్చిలో ఉంటుంది. నాకు చర్చికి వెళ్ళడం ఇష్టం లేదు. ఎందుకో తర్వాత చెప్తాను.

జనవరి రెండో ఆదివారం, గోడలోంచి ఏటికి దారి తీసే రేవు గుమ్మం కమాను మీదుగా దాటుతుండగా నా సైకిల్ వెనక క్యారియర్ మీద ఎవరో ఎక్కారు.

ఎక్కినట్టు అనిపించింది అని రాయడం లేదు. డబుల్స్ తొక్కేవాళ్ళకి ఇది తెలుసు. వెనకనుంచి పరుగెత్తుకొచ్చి మనిషి ఒక్క గెంతులో ఎక్కితే ముందు చక్రం తేలికై హ్యాండిల్ ఊగుతుంది. తర్వాత సీటు స్ప్రింగు కిర్రుమంటుంది. ఆ తర్వాత తొడలకి బరువు తెలుస్తుంది. మూడూ ఆ వరసలోనే జరిగాయి.

వెనక్కి చూశాను. క్యారియర్ మీద ఇడ్లీల పొట్లం ఉంది. పది గజాల వెనక ప్రకాశం వస్తున్నాడు. తాగి తొక్కుతున్నావేంట్రా, అలా వంకర్లు తిరుగుతున్నావు అన్నాడు. నేను తొక్కుతూనే ఉన్నాను. పేటలోకి దిగే ర్యాంపు దగ్గర బరువు దిగిపోయింది. సైకిల్ ఒక్కసారి ముందుకు జారింది, మనిషి దిగితే జారినట్టే.

తర్వాతి మూడు ఆదివారాలూ అక్కడే ఎక్కింది, అక్కడే దిగింది. మధ్య దూరం మూడు వందల పది తిప్పులు. మొదట బండిని అనుమానించాను. వెనక హబ్బు విప్పి గోళీలు కడిగి గ్రీజు పెట్టాను. బ్రేకు రబ్బర్లు రిమ్ముకి రాసుకోవడం లేదు. గాలి సరిగా ఉంది. అయినా మూడో ఆదివారానికి వెనక చక్రంలో రెండు ఊచలు తెగాయి. మంచుకి బాట మెత్తబడిన చోట ఆగి, టైరు ఎంత లోతు దిగిందో పుల్లతో కొలిచాను. సత్తిబాబు నాకన్నా లావు. అతని వెనక టైరు జాడ అయిదు మిల్లీమీటర్లు. నాది తొమ్మిది.

బరువుతో పాటు వాసన వచ్చేది. మొదట కొబ్బరి పీచు నానేసిన గుంటల వాసన అనుకున్నాను. మా ప్రాంతంలో ఆ కంపు లేని ఊరుండదు. కాని గుంటలు ఊరికి పడమట ఉన్నాయి, గాలి తూర్పునుంచి వస్తోంది. పైగా ఇది వేరు. వరద తీసిన పది రోజులకి లంకలో కుళ్ళిన అరటి బోదెలు తిరగేస్తే వచ్చే వాసన. అది ముక్కుకి రాదు, నాలిక మీదకి వస్తుంది.

నాలుగో ఆదివారం ఇంటికొచ్చి చొక్కా విప్పితే వీపు భాగం తడిగా ఉంది. చెమట కాదు. జిగురుగా, బూడిదరంగుగా ఉంది. రెండు వేళ్ళతో తీస్తే తీగలా సాగింది. క్యారియర్ మీది కొబ్బరి తాడు అల్లికలో గుర్రపుడెక్క వేళ్ళు, నల్లగా, మెత్తగా, గుప్పెడు ఇరుక్కుని ఉన్నాయి. అది నీళ్ళల్లో పెరిగే మొక్క, గోడ మీద లేదు. నూతి దగ్గర రెండుసార్లు వాంతి చేసుకున్నాను. అమ్మ ఆ చొక్కా మూడుసార్లు ఉతికి, చివరికి కర్రతో ఎత్తి పెంటకుప్పలో పారేసింది. ఏ గోతిలో పడ్డావురా అని అడిగింది.

నాకు భయం వెయ్యలేదు. అసహ్యం వేసింది. ఒక అపరిచితుడు తడి ఒంటితో వచ్చి నా వీపుకి ఆనుకున్నట్టు.

అయిదో ఆదివారం ప్రకాశానికి ఏమీ చెప్పకుండా సైకిళ్ళు మార్చాను. నాది వాడు తొక్కాడు. పరీక్ష అంటే అలాగే చెయ్యాలి, ముందే చెప్తే పనికిరాదు. కమాను దాటగానే వాడి హ్యాండిల్ ఊగింది. పది తిప్పులు కూడా వెళ్ళలేదు, సైకిల్ వదిలేసి పక్కకి దూకాడు. కాసేపు తడిసిన నడుం రెండు వైపులా చేతులతో తుడుచుకుంటూ నిలబడ్డాడు.

"ఎవడో నన్ను పట్టుకున్నాడ్రా. వేళ్ళు చల్లగా ఉన్నాయి."

నేను నోటుబుక్కులో రాసుకుంటున్నాను. వాడు అది చూసి, నీకు ముందే తెలుసు కదరా, ఛీ అన్నాడు. తన సైకిల్ తీసుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ గోడ ఎక్కలేదు.

సత్తిబాబు దూరంగా నిలబడి ఇదంతా చూశాడు. పద, ఎండెక్కుతోంది అన్నాడంతే.

ఇప్పుడు వరద సంగతి చెప్పాలి.

ఎనభై ఆరు ఆగస్టులో గోదావరి వచ్చినప్పుడు మా ఊరి పెద్దలు ఒక కమిటీ వేసుకున్నారు. చదువుకున్నవాడినని రేవు గుమ్మం నాకు అప్పగించారు. పని ఇది. వరద పెరిగితే కమాను కింద గాడుల్లో తాటి పలకలు రెండు వరసలుగా దించి, మధ్యలో బంకమన్ను కూరాలి. ఒకసారి కూరితే మళ్ళీ తీయడం కుదరదు. అందుకని లంకకి వెళ్ళినవాళ్ళంతా వెనక్కి వచ్చారో లేదో చూశాకే దించాలి. జరిగిన ప్రతిదీ టైముతో రిజిస్టరులో రాయాలి.

లంకకి వెళ్ళేవాళ్ళు సైకిళ్ళు గుమ్మం లోపల గోడకి ఆనించి పడవెక్కుతారు. వచ్చి ఎవరి సైకిల్ వాళ్ళు తీసుకుపోతారు. సైకిల్ మిగిలితే మనిషి ఇంకా అవతలే ఉన్నాడని లెక్క. మా ఊళ్ళో ఎప్పట్నుంచో ఉన్న పద్ధతి ఇది. ఆ ఉదయం సైకిళ్ళు లెక్కపెట్టి పదకొండు అని రాశాను. సాయంత్రం వానలో, తోపులాటలో మనుషుల్ని లెక్కపెట్టలేకపోయాను. జనం పోయాక గోడ దగ్గర చూస్తే ఒక్క సైకిలూ లేదు. ‘సైకిళ్ళు 11, అన్నీ వెళ్ళినవి. అందరూ వచ్చినారు’ అని రాసి సంతకం పెట్టాను. ఆరున్నరకి పలకలు దించాం. ఆరూ యాభైకి ఏదో పలకలకి తగలడం మొదలైంది. ప్రెసిడెంటు గారు దుంగలు కొట్టుకొస్తున్నాయి, గోడ మీదకి ఎవరూ ఎక్కొద్దు అన్నారు. నేను అదే రాశాను.

కమాను మీదకి మెట్లు పద్నాలుగు. నా చేతిలో మూడు బ్యాటరీల టార్చి ఉంది. నేను ఎక్కలేదు.

ఊరు మునగలేదు. నెల తర్వాత కమిటీవాళ్ళు కోళ్ళు కోయించి భోజనాలు పెట్టారు. నాకు శాలువా కప్పి, సర్టిఫికెట్ ఇచ్చారు. ఆ సర్టిఫికెట్ జత చేసి నేనొక ఉద్యోగానికి దరఖాస్తు కూడా పెట్టాను.

ఒక మనిషి మాత్రం కనబడలేదు. మా పేటలోని యోహాను బాబాయి. లంక చివర చిన్న చెక్క కౌలుకి చేసేవాడు. అందరితో పడవెక్కకుండా తన తాటిదోనెలో ఒక్కడే వెళ్ళొచ్చేవాడు. ఆ రోజు ఉదయం సైకిల్ తీసుకుని ఇంట్లోంచి బయల్దేరాడని అతని భార్య మార్తమ్మ పిన్ని చెప్పింది. గుమ్మం దగ్గర సైకిల్ మిగల్లేదు కాబట్టి అతను లంకకే వెళ్ళలేదని, సైకిలేసుకుని ఎటో పోయాడని కమిటీ తేల్చింది. తాడేపల్లిగూడెంలో ఎవత్తో ఉందని ఎవరో అన్నారు. వారానికల్లా ఆ ఎవత్తెకి పేరు కూడా వచ్చింది.

ఈస్టర్ తెల్లవారుజామున సమాధుల దగ్గర ఆ ఏడాది చనిపోయినవాళ్ళ పేర్లు చదవడం మా చర్చి ఆనవాయితీ. అందులో భర్త పేరు చదవమని పిన్ని అడుగుతూనే ఉంది. మనిషి చనిపోయాడని ఆధారం లేదు, పైగా గుమ్మం రిజిస్టరు అందుకు వ్యతిరేకంగా ఉందని పాస్టరు గారు బాధపడుతూనే చెప్పారు. అంటే నా సంతకం. నేను చర్చి మానేసింది అందుకే. ఆవిడ ముందు వరసలో కూర్చుంటుంది.

మార్చిలో ఒక సాయంత్రం పేట ర్యాంపు కింద సైకిల్ నడిపించుకుని వెళ్తున్నాను. మార్తమ్మ పిన్ని తన ఇంటి గుమ్మంలో కూర్చుని కొబ్బరి తాడు పేనుతోంది. ఆవిడ బతుకుతెరువు అదే. నేను తల దించుకుని దాటిపోబోతుంటే ఆగు బాబూ అంది. దగ్గరికొచ్చి సైకిల్ క్యారియర్ మీద చెయ్యి వేసింది.

ఆ క్యారియర్ నా సైకిల్‌ది కాదు. యాత్రకి సామాను పెట్టుకోడానికి పనికొస్తుందని జనవరి మొదట్లో సత్తిబాబు షాపులోంచి తీసి బిగించాడు. కూర్చునే చోట మంచం అల్లినట్టు కొబ్బరి తాడు అల్లి ఉంది.

"ఇది నేనల్లిందే బాబూ. నాది ఎడమ చేతి పురి. చూడు, అందరి తాడూ ఇటు తిరుగుద్ది, నాది అటు తిరుగుద్ది. నేను వెనకాల కూకుంటే గుచ్చుకోకుండా అల్లేను."

చూశాను. పేనుతున్న తాడూ, అల్లికలోని తాడూ పక్కపక్కన పెట్టి చూశాను. మిగతావాళ్ళ తాళ్ళకి పురి కుడికి ఉంటుంది. ఈ రెంటికీ ఎడమకి ఉంది.

"సైకిలేసుకునెళ్ళిపోయేడన్నారు కదా బాబూ మీరంతాను. ఎళ్ళిపోయినోడి క్యారేజీ నీ దగ్గరికెలాగొచ్చింది?"

ఆవిడ గొంతు పెంచలేదు. నాకు తెలియదు పిన్నీ అన్నాను. అది నిజమే. కాని ఆ నిజం కూడా నోట్లో కంపుగా ఉంది.

నేరుగా షాపుకి వెళ్ళాను. సత్తిబాబు పంక్చరు చూడ్డానికి ట్యూబు నీళ్ళల్లో ముంచుతున్నాడు. క్యారియర్ విప్పి అతని ముందు పెట్టాను. అతను ట్యూబు నీళ్ళల్లోంచి తీసి పక్కన పెట్టాడు. తర్వాత చెప్పాడు. ఆ ఉదయం యోహాను రిమ్ము వంగిన సైకిల్ నడిపించుకుంటూ షాపుకి వచ్చాడు. సాయంత్రానికి గాని అవదన్నాడు సత్తిబాబు. పనికి ఆలస్యమైపోతోందంటే తన సైకిల్ మీద డబుల్స్ ఎక్కించుకుని రేవు గుమ్మం దగ్గర దింపి వచ్చేశాడు. సాయంత్రం వరద హడావుడిలో షాపు సామాను అటక ఎక్కించుకుంటూ, అతను ఎవరి వెనకో ఎక్కి వచ్చేసుంటాడనుకున్నాడు. రాలేదని తెలిసేసరికి నాలుగు రోజులైంది. అప్పటికే రిజిస్టరులో నా సంతకం ఉంది.

"మరి నువ్వెందుకు చెప్పలేదు?"

"ఆయ్, చెప్తాను. చెప్తే నీ శాలువా ఏమవును? నీ ఉద్యోగం ఏమవును? నీ కోసమేరా ఊరుకున్నాను."

ఆ సైకిల్‌ని ముక్కలు విప్పి ఫ్రేము రావులపాలెంలో పాత ఇనుముకి వేశాడట. క్యారియర్ మంచి గట్టిదని పారెయ్యబుద్ధి కాలేదట. నా మీద ఉన్న స్నేహంతో తెచ్చి నాకే బిగించాడట. అతని మొహం మీద ఉమ్మెయ్యాలనిపించింది. కాని అతను లెక్క తప్పు రాయలేదు. రాసింది నేను. సైకిళ్ళని లెక్కపెట్టి మనుషుల్ని లెక్కపెట్టానని రాసింది నేను.

ఆ రాత్రి నాన్నగారికి అంతా చెప్పాను. బరువు సంగతి కూడా. ఆయన బరువు గురించి ఏమీ అడగలేదు. నీ లెక్క నువ్వే దిద్దుకోవాలి అన్నారు. మర్నాడు కమిటీ దగ్గరికి వెళ్ళి రిజిస్టరు అడిగాను. అయిపోయినదాన్ని ఎందుకు కెలుకుతావు, ఊరికంతా చెడ్డపేరు అన్నారు ప్రెసిడెంటు గారు. శాలువా, సర్టిఫికెట్ ఆయన బల్ల మీద పెట్టాను. ఆయన వాటిని వేలితో పక్కకి నెట్టారు, తినేసిన విస్తరి నెట్టినట్టు. రిజిస్టరు మాత్రం ఇచ్చారు. పాత మాట కొట్టేసి, కింద ‘సైకిళ్ళు 11, మనుషులు 12, వచ్చినవారు 11’ అని రాసి, ఆ రోజు తేదీ వేసి సంతకం పెట్టాను. సత్తిబాబు కూడా వచ్చి తనకు తెలిసింది రాసి సంతకం పెట్టాడు. ఏడుస్తూ పెట్టాడు. ఆ పేజీ నకలు పాస్టరు గారికి ఇచ్చాం. ఆ ఉద్యోగం నాకు రాలేదు.

ఈస్టర్ ముందు ఆదివారం మధ్యాహ్నం ఒక్కణ్ణే గోడ ఎక్కాను. క్యారియర్ మళ్ళీ బిగించుకున్నాను. ఎందుకంటే చెప్పలేను. కమాను మీద హ్యాండిల్ ఊగింది, స్ప్రింగు కిర్రుమంది, వీపుకి తడి ఆనుకుంది. ఈసారి ఆగలేదు, వెనక్కి చూడలేదు. వెనక మనిషి ఉంటే ఎలా తొక్కుతామో అలా, గుంటలు తప్పించి తొక్కాను. మూడు వందల పది తిప్పులు. ర్యాంపు దగ్గర బ్రేకు వేసి ఆపాను. బరువు దిగింది. ఎండిన మట్టి మీద నా టైరు జాడ ఉంది. దాని పక్కన మార్తమ్మ పిన్ని ఇంటి వైపు ఏ అడుగుల జాడా లేదు. వెతికాను కాబట్టే చెప్తున్నాను.

ఆ తర్వాత ఈ రెండేళ్ళలో ఆ దారిన నలభై రెండుసార్లు తిరిగాను. బరువు మళ్ళీ ఎక్కలేదు. బేరింగులు, గాలి వాటం, నా మనసులోని తప్పు, అన్నీ ఆలోచించాను. మనసులో తప్పు ఉంటే కలలు రావచ్చు. టైరు నాలుగు మిల్లీమీటర్లు ఎక్కువ దిగదు. ఏమీ తెలియని ప్రకాశం నడుం తడవదు. ఇది ఏమిటో నాకు ఈనాటికీ తెలియదు.

ఆ ఈస్టర్ తెల్లవారుజామున పాస్టరు గారు పేర్లు చదివారు. ఆ ఏడాదివి ఏడు. యోహాను పేరు ఏడోది. మార్తమ్మ పిన్ని ఏడవలేదు. పూడ్చడానికి ఏమీ లేదు గనక ఖాళీ నేల మీద బంతిపూలు పెట్టింది. అందరూ వెళ్ళిపోతుంటే నా పక్కకి వచ్చింది.

"ఆ రోజు నువ్వు అన్నీ రాసేవంట కదా బాబూ. తలుపేసేక ఇంకేం రాసేవు?"

అబద్ధం చెప్పవచ్చు. ఆవిడకి చదువు రాదు. కాని రిజిస్టరులో ఉన్నది నాకు కంఠతా వచ్చు. పలకలు దించాక ఏదో వచ్చి తగిలింది, దుంగలు అని రాశాను పిన్నీ అన్నాను.

"దుంగలా?"

ఆవిడ చీర చెంగు భుజం మీదకి సర్దుకుంది.

"ఎన్నిసార్లు తగిలింది?"

నేను ఆ సాయంత్రమే లెక్కపెట్టాను. ఏదైనా లెక్కపెట్టడం నా అలవాటు. ఆరూ యాభై నుంచి ఏడూ అయిదు వరకు.

పదిహేడు.